క్రియ కింద గీత

టీచరు: మాస్టారూ, సూటిగానే అడుగుతాను. "కింది వాక్యాల్లో వెర్బ్ కింద గీత గీయండి" అని బిట్ పేపర్లో ఇస్తే తొమ్మిదో తరగతి పిల్లలు చాలామంది మార్కులు తెచ్చుకుంటారు. వి-వన్, వి-టూ, వి-త్రీ పట్టిక అడిగితే "గో, వెంట్, గాన్" అని తడుముకోకుండా అప్పజెబుతారు. అదే పిల్లవాణ్ణి నిన్న బడికెందుకు రాలేదని ఇంగ్లిష్‌లో అడగండి. "ఐ డిడ్ నాట్ కేమ్, టీచర్" అంటాడు. కాగితం మీద గీత సరైన చోటే పడింది, నోట్లో మాట మాత్రం తప్పింది. ఏళ్ల తరబడి ఈ గీతలు గీయించి మనం సాధించిందేమిటి? గుర్తుపట్టడం వస్తే వాడడం దానంతటదే వస్తుందని ఎవరు చెప్పారు?

మాస్టారు: ఎవరూ చెప్పలేదమ్మా. కానీ ఆ పిల్లవాడు వెర్బ్‌ను గుర్తుపట్టాడని నేను ఒప్పుకోను. వాడు గుర్తుపట్టింది పనిని. "వెర్బ్ అంటే డూయింగ్ వర్డ్" అని చిన్న తరగతిలో ఎవరో చెప్పారు, వాడు నమ్మాడు. "ది బాయ్ కిక్డ్ ది బాల్" అంటే కిక్డ్ కింద గీత గీయడం ఎవరికైనా వస్తుంది. "దిస్ పెన్ కాస్ట్స్ టెన్ రుపీస్" అని ఇచ్చి చూడు. ఆ పెన్ను చేస్తున్న పనేమిటి? "ది హౌస్ బిలాంగ్స్ టు మై అంకుల్"లో ఇల్లు ఏం చేస్తోంది? అటు తిప్పి "ది సడన్ అరైవల్ ఆఫ్ ది కలెక్టర్ సర్‌ప్రైజ్డ్ ది స్టాఫ్" అను. వచ్చిన పనంతా అరైవల్‌లోనే ఉంది, పిల్లవాడు దాని కిందే గీస్తాడు. అదేమో నౌను. మనం చేతికిచ్చిన గీటురాయే నకిలీదైతే బంగారాన్ని ఎందుకు తిట్టడం?

టీచరు: సరే, అసలు గీటురాయి ఏమిటో చెప్పండి.

మాస్టారు: కాలం మార్చి చూడడం. "షి టేక్స్ ఎ వాక్ ఎవ్రీ ఈవినింగ్" అని రాసి, ఎవ్రీ ఈవినింగ్ తీసి యెస్టర్‌డే పెట్టమను. ఏ మాట మారక తప్పదో అదే ఆ వాక్యాన్ని నిలబెట్టే వెర్బ్. టేక్స్ పోయి టుక్ వచ్చింది. వాక్ అలాగే ఉండిపోయింది. నడక అనే పని వాక్‌లో ఉన్నా, కాలం టేక్స్‌లో ఉంది. ఈ పరీక్షకు అర్థంతో పని లేదు. ఇప్పుడు నీ పిల్లవాడి వాక్యం తీసుకుందాం. "డిడ్ నాట్ కేమ్"లో కాలాన్ని మోసే మాట డిడ్. అది మోసేసింది కనుక కమ్ ఖాళీ చేతులతో నిలబడాలి. వాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? మూడు గళ్ల పట్టిక కంఠతా పట్టించారు. ఏ గడిలోది ఎప్పుడు తియ్యాలో చెప్పలేదు.

టీచరు: చెప్పినా అంటాడు మాస్టారూ. మా బళ్లో చెప్పాను. "డిడ్ తర్వాత వి-వన్" అని గోడ మీద చార్టు కూడా ఉంది. రాతపరీక్షలో సరిగా రాస్తారు, గేటు దగ్గర తప్పు మాట్లాడతారు. అమెరికాలో స్టీఫెన్ క్రాషెన్ అనే ఆయన 1980ల మొదట్లోనే దీని గురించి రాశారు. భాష ఒంటబట్టడం వేరు, భాష గురించి తెలుసుకోవడం వేరు అన్నారు. తెలుసుకున్న సూత్రం తీరిక దొరికినప్పుడు రాసినదాన్ని దిద్దుకోవడానికి పనికొస్తుంది గానీ, మాట నోట్లోంచి వచ్చే వేగంలో దాన్ని వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. మీ యెస్టర్‌డే పరీక్ష ఎంత చక్కగా ఉన్నా, అది కాగితం ముందు కూర్చున్నవాడికే.

మాస్టారు: కాగితం ముందు కూర్చోవడం చిన్న పనా? మన పిల్లల జీవితాలు తేలేది కాగితం మీదే. బ్యాంకు పరీక్షలో తప్పు పట్టమని ఇస్తారు: "ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ షాప్స్ ఆర్ పూర్." చెవికి బాగానే వినిపిస్తుంది. మ్యాంగోస్ పక్కన, షాప్స్ పక్కన ఆర్ ఉంటే ఏమైంది అనిపిస్తుంది. ఇందులో వెర్బ్ ఏది, దాని సబ్జెక్టు ఏది అని విడదీయగలిగినవాడికే అక్కడ ఈజ్ ఉండాలని తడుతుంది. సోల్డ్‌ను చూసి అదే వెర్బ్ అనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. పై చదువులకు విదేశం వెళ్లే పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్ ఉంది. అందులో రాతకు మార్కులు వేసే నాలుగు కొలమానాల్లో ఒకటి గ్రామరే. దిద్దుకునే తీరిక ఉన్న చోట దిద్దుకోవడం రానివాడి సంగతేమిటి?

టీచరు: దిద్దుకోవడానికైనా పనికొస్తుందా అన్నదే పరిశోధకులకు అనుమానం. 1963లో అమెరికాలో బ్రాడక్, ఆయన సహచరులు రాత మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి, వ్యాకరణ పాఠాల వల్ల పిల్లల రాత బాగుపడిన దాఖలా లేదని, రాయించాల్సిన సమయాన్ని తినేస్తుంది కనుక చెరుపు కూడా చేయవచ్చని తేల్చారు. ఇంగ్లండ్‌లో చాలాకాలం గ్రామర్‌ను పక్కనపెట్టి, 2013లో మళ్లీ నెత్తికెత్తుకున్నారు. పదీ పదకొండేళ్ల పిల్లలకు గ్రామర్ పరీక్ష పెట్టారు. పిల్లల రచయిత మైకేల్ రోజెన్ లాంటివాళ్లు అప్పట్నుంచీ దుమ్మెత్తిపోస్తూనే ఉన్నారు. 2022లో అక్కడి ఆచార్యులే ఆరేడేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేసి చూశారు. గ్రామర్ పాఠాల వల్ల వాళ్లు కథ రాసే తీరు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు. ఇంగ్లిష్ పుట్టిన గడ్డ మీదే ఇంత అనుమానం ఉంటే మనకెందుకు అంత ధీమా?

మాస్టారు: నువ్వు చెప్పిన పిల్లలందరూ ఇంగ్లిష్ ఉయ్యాలలో పెరిగినవాళ్లు. వాళ్లకు వెర్బ్ ఎక్కడుందో చెప్పడం అంటే నీకూ నాకూ "తిన్నాడు"లో క్రియ ఎక్కడుందో చెప్పడమే. ప్రయోజనం కనపడకపోవడంలో వింతేముంది? పరాయి భాష నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పనిని చూడు. 2000 సంవత్సరంలో నారిస్, ఒర్టెగా అనే ఇద్దరు 49 పరిశోధనలను ఒక్కచోట చేర్చి లెక్కగట్టారు. విషయాన్ని విడమరిచి చెప్పిన తరగతులే, చెప్పకుండా వదిలేసిన వాటికంటే మెరుగని తేలింది.

టీచరు: తేలింది. ఆ ఇద్దరే ఇంకో మాట కూడా అన్నారు. ఆ పరిశోధనల్లో పెట్టిన పరీక్షలు చాలావరకు సూత్రం తెలిసినవాడికి అనుకూలంగా ఉన్నాయని. ఖాళీలు పూరించమని అడిగితే, ఖాళీలు పూరించడం నేర్పిన బడే గెలుస్తుంది. మన ఇంటి పక్క జరిగినదాన్ని చెప్పనా? 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు కేంద్రంగా, మద్రాసులో కూడా కొన్ని మామూలు బళ్లు తీసుకుని, గ్రామర్ ఊసెత్తకుండా ఇంగ్లిష్ నేర్పించారు. రైళ్ల టైమ్‌టేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, పటం ఇచ్చి దారి చెప్పమనడం, ఇలాంటి పనులు. పిల్లవాడి ధ్యాసంతా విషయం మీదే. భాష వెనకాలే వచ్చింది. ఆ పిల్లలేం దొరబిడ్డలు కారు, మన బిడ్డలే.

మాస్టారు: ప్రభు గారంటే నాకూ గౌరవమే. అయితే ఆ ప్రయోగం మీద తర్వాత పరిశీలన చేసినవాళ్లు ఏం రాశారో కూడా చెప్పాలి. ఆ పద్ధతి, ఉత్సాహంగా ముందుకొచ్చిన వాళ్ల చేతిలో నడిచినంత బాగా, అప్పటికే ఆ బళ్లలో ఉన్న మామూలు టీచర్ల చేతిలో నడవలేదని. అప్పటికప్పుడు ఇంగ్లిష్‌లో ప్రశ్న మార్చి అడగగలిగే టీచరు కావాలి దానికి. అలాంటివాళ్లు మండలానికి ఎందరుంటారు? నాలాంటివాడికి నల్లబల్ల, సుద్దముక్క, ఒక యెస్టర్‌డే ఉంటే చాలు.

టీచరు: టీచర్ల లోటును పిల్లల మీద రుద్దితే ఎలా? ఆ సంగతి అలా ఉంచండి. మీరు ఇందాకట్నుంచి చెబుతున్న ఇంగ్లిష్ తప్పుల్లో సగం ఇంగ్లిష్‌లో పుట్టినవి కావు, తెలుగులో పుట్టినవి. వాటికి గీతలు మందు కాదు.

మాస్టారు: అదెలా?

టీచరు: "మా నాన్న రైతు." ఇందులో క్రియ ఏది? లేదు. తెలుగుకి ఆ అవసరమే లేదు. ఆ పిల్లవాడు "మై ఫాదర్ ఫార్మర్" అని రాస్తే వాడి బుర్రలో లోపం ఏమీ లేదు, వాడు తన భాషకు నిజాయితీగా ఉన్నాడు. "నాకు ఇద్దరు అన్నలున్నారు" అనేవాడికి హ్యావ్ ఎక్కడినుంచి దొరుకుతుంది? ఉన్నారు అనే మాట అన్నలతో కలిసి నడుస్తుంది, నాతో కాదు. ఇంగ్లిష్‌లో నేనే కర్తనై కూర్చోవాలి. ఇంకోటి చూడండి, ఇది నేను రోజూ చూసేది. మన ఇళ్లలో ఇంగ్లిష్ క్రియలు క్రియలుగా రావు. పక్కన చేయడమో అవడమో తోడు తెచ్చుకునే వస్తాయి. ఫోన్ చేశాడు, అడ్జస్ట్ చేసుకో, పాస్ అయ్యాడు, ఫెయిల్ అయ్యాడు, అగ్రీ అయ్యాను. పిల్లవాడికి పుట్టినప్పట్నుంచీ పాస్ అన్నది ఒక స్థితి పేరు, అయ్యాడు అన్నదే క్రియ. వాడు ఇంగ్లిష్‌లో "ఐ యామ్ పాస్", "ఐ యామ్ అగ్రీ" అంటే ఆ యామ్ ఎక్కడిదనుకుంటున్నారు? మన అయ్యాను అక్కడ యామ్ వేషం కట్టింది. దీనికి మీరు గీత ఎక్కడ గీయిస్తారు?

మాస్టారు: భలే పట్టుకున్నావు. నేనిన్నాళ్లూ దాన్ని అజాగ్రత్త అనుకుని కోప్పడ్డాను. కానీ అమ్మా, నువ్వు చెప్పిందంతా నా వైపే పనిచేస్తోంది చూడు. వాడి ఇంట్లో పాస్ అన్నది క్రియ కాదు కనుకనే, ఇంగ్లిష్‌లో అదే క్రియ అని ఒకరు వేలు పెట్టి చూపించాలి. "పాస్ అయ్యాను రెండు మాటలు, ఐ పాస్డ్‌లో క్రియ ఒక్కటే, అవడం దానిలోనే ఉంది" అని ఒక్కసారి పక్కపక్కన రాసి చూపిస్తే, వేయి కథలు చదివినా తట్టని సంగతి తడుతుంది. టైమ్‌టేబుల్ ఇచ్చి బండి పేరు చెప్పించినంత మాత్రాన ఆ యామ్ ఊడిపోతుందా?

టీచరు: పక్కపక్కన రాసి చూపించడానికి నాకు అభ్యంతరం లేదు. అది ఆ తప్పు ఎదురైనప్పుడు, ఆ పిల్లవాడితో, రెండు నిమిషాల మాట. దాన్ని పాఠంగా, అభ్యాసంగా, పది మార్కుల ప్రశ్నగా చేసి కూర్చోబెట్టడానికే నా అభ్యంతరం.

మాస్టారు: అయితే తెలుగు గురించే ఇంకొంచెం దూరం పోదాం. "పొద్దున్నే లేచి, స్నానం చేసి, అన్నం తిని బడికి వెళ్లాను." నాలుగు పనులు. తెలుగు పండితులు దీన్ని ఎలా చెబుతారు? లేచి, చేసి, తిని అసమాపకాలు, వెళ్లాను ఒక్కటే సమాపకం. పిల్లలందరూ తెలుగు పరీక్షలో దీన్ని రాసి వస్తారు. పక్క పీరియడ్‌లో ఇంగ్లిష్ టీచరు వస్తాడు, ఈ జ్ఞానం ఒకటి ఆ తరగతి గదిలో ఉందని తెలియనట్టు "డూయింగ్ వర్డ్" దగ్గర మొదలుపెడతాడు. మన సంప్రదాయంలో యాస్కుడు క్రియను అర్థంతో చెప్పాడు, జరగడం ప్రధానమైనది ఆఖ్యాతమని. పాణిని ఆ జోలికి పోలేదు. చివర ఏ ప్రత్యయం ఉందో చూశాడు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాస్తూ క్రియకు ఒక పరిచ్ఛేదం, క్రియ నుంచి పుట్టే మాటలకు, అంటే కృదంతానికి, విడిగా ఇంకో పరిచ్ఛేదం పెట్టారు. పనిని చెప్పే మాటలన్నీ ఒక గాటన కట్టకూడదని మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆ తెలివితో మన పిల్లవాడు ఇంగ్లిష్‌లోకి నడిస్తే, ఈటింగ్, టు ఈట్, ఈటెన్ ఇవన్నీ ఒక జాతి, ఈట్స్, ఏట్ ఇంకో జాతి అని వారంలో పట్టుకుంటాడు.

టీచరు: పాణినికీ సూరికీ ఆ పని కుదిరింది ఎందుకంటే సంస్కృతానికీ తెలుగుకీ మాట చివర గుర్తు ఉంది కాబట్టి. ఇంగ్లిష్ వెయ్యేళ్లలో తన ప్రత్యయాలను దాదాపు అన్నీ రాల్చుకుంది. వర్తమానంలో మిగిలింది ఒక్క ఎస్. అది కూడా బహువచనం ఎస్‌తో కలగాపులగం. "ది కుక్స్ కుక్" అంటే ఏ కుక్ మనిషి, ఏ కుక్ వంట? వాటర్, బుక్, టేబుల్, మెసేజ్, ఏ నౌన్ పట్టుకున్నా రేపు వెర్బ్‌గా లేచి నిలబడుతుంది. రూపం చూసి జాతి చెప్పే పద్ధతి రూపం లేని భాషలో ఎలా నడుస్తుంది?

మాస్టారు: మాటను ఒంటరిగా చూస్తే నడవదు, వాక్యంలో కదిపి చూస్తే నడుస్తుంది. "ది కుక్స్ కుక్"లో ది కుక్స్ తీసి మై మదర్ పెట్టు. వెనకాల కుక్ కాస్తా కుక్స్ అవుతుంది. దొరికింది. కాలం మార్చు, కర్తను మార్చు, ప్రశ్న చెయ్యి, నాట్ పెట్టు. ఈ నాలుగింటికీ దొరక్కుండా తప్పించుకునే వెర్బ్ ఇంగ్లిష్‌లో లేదు. అయినా నేను నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి మాట్లాడడం గురించీ రాయడం గురించీ కాదు. చదవడం గురించి. ఇప్పుడు మన సర్కారు బళ్లలో కూడా ఇంగ్లిష్ మీడియమే. పదో తరగతి ఫిజిక్స్‌లో వచ్చే తరహా వాక్యం ఒకటి చెబుతాను: "ది హీట్ ప్రొడ్యూస్డ్ ఇన్ ఎ వైర్ కనెక్టెడ్ టు ఎ బ్యాటరీ డిపెండ్స్ ఆన్ ది కరెంట్ పాసింగ్ త్రూ ఇట్." పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు దీన్ని ఎలా చదువుతాడు? వేడి పుట్టింది, తీగ కలిసింది అనుకుంటూ పోతాడు. ప్రొడ్యూస్డ్, కనెక్టెడ్ రెండూ వి-టూ పట్టికలో ఉన్నాయి కదా మరి. అలా చదివితే డిపెండ్స్ దగ్గరకొచ్చేసరికి తలాతోకా దొరకదు. కాలం మార్చి చూడమను. డిపెండ్స్ ఒక్కటే డిపెండెడ్ అవుతుంది, మిగతా మూడూ కదలవు. వాక్యానికి వెన్నెముక దొరికింది. ఫిజిక్స్ రాలేదని వాణ్ణి కొట్టేముందు ఆ ఒక్క మాట చూపించారా అని నా ప్రశ్న.

టీచరు: ఈ ఉదాహరణ బలమైనదే. కాదనను. దీన్నే తెలుగులో చెప్పండి.

మాస్టారు: "బ్యాటరీకి కలిపిన తీగలో పుట్టే వేడి, అందులో ప్రవహించే కరెంటు మీద ఆధారపడుతుంది."

టీచరు: చూశారా. కలిపిన, పుట్టే, ప్రవహించే. వీటిలో ఒక్కటైనా వాక్యాన్ని ముగించే క్రియ అని ఏ తెలుగు పిల్లవాడైనా పొరబడతాడా? కలిపిన వేరు, కలిపారు వేరు. రూపమే చెప్పేస్తుంది. పైగా ముగించే క్రియ చివర్లో వస్తుందని తెలుసు కనుక వాడు నిశ్చింతగా చివరిదాకా ఆగుతాడు. ఇంగ్లిష్‌లో కనెక్టెడ్ అన్న ఒకే రూపం కలిపిన కావచ్చు, కలిపాడు కావచ్చు. ఏది అన్నది ఎలా తెలుస్తుంది? తీగ దేన్నీ కలపదు, తీగనే కలుపుతారు అన్న విషయజ్ఞానం వల్ల. అంటే వాక్యం అర్థమయ్యాక వెర్బ్ దొరికింది గానీ, వెర్బ్ దొరికాక వాక్యం అర్థం కాలేదు. మీ యెస్టర్‌డే పరీక్షలో "కదిలేది డిపెండ్స్ ఒక్కటే" అని మీకెలా తెలిసింది మాస్టారూ? మీకు ఆ వాక్యం ముందే అర్థమైంది కాబట్టి. అర్థం కానివాడు ప్రొడ్యూస్డ్‌ను కూడా కదుపుతాడు.

మాస్టారు: ఇది నన్ను నిజంగా ఇరుకున పెట్టింది. ఒక్క క్షణం ఉండు.

టీచరు: ఉండండి, ఇంకోటి కూడా ఉంది. "ది బస్ పార్క్డ్ నియర్ ది స్కూల్ బ్రోక్ డౌన్." స్కూల్ దాకా చదివినవాడికి పార్క్డ్ వెర్బే. పండితుడికైనా అంతే. బ్రోక్ వచ్చాకే అది వెర్బ్ కాదని తెలిసి వెనక్కి వెళతాడు.

మాస్టారు: ఎందుకు వెనక్కి వెళతాడు? అది చెప్పు.

టీచరు: పొసగలేదు కనుక.

మాస్టారు: ఎందుకు పొసగలేదు? మధ్యలో అండ్ లేకుండా, విచ్ లేకుండా కాలాన్ని మోసే మాటలు రెండు ఒకే వాక్యంలో ఇమడవు అన్న సంగతి అతనికి ఎక్కడో తెలుసు కనుక. తెలియనివాడు వెనక్కి వెళ్లడు, "బస్సు బడి దగ్గర ఆగింది, పాడైంది" అని ముందుకు సాగిపోతాడు. తప్పు చదివానని కూడా వాడికి తెలియదు. వెర్బ్‌ను గుర్తుపట్టడం అర్థానికి దారి కాదంటున్నావు, ఒప్పుకుంటాను, చాలాసార్లు కాదు. అర్థం తప్పినప్పుడు తప్పిందని చెప్పే గంట అది. ఆ గంట ఇంట్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లలకు వాళ్లంతట వాళ్లకే మోగుతుంది. లేని పిల్లలకు మనం కట్టాలి.

టీచరు: గంట మాట బాగుంది. కానీ ఆ గంట కథలూ పాఠాలూ బోలెడు చదివినవాడికి కూడా దానంతటదే మోగుతుంది. పప్పులో రాళ్లేరినట్టు వెర్బులు ఏరుకుంటూ చదివేవాడు అది మోగేలోపు వాక్యం మర్చిపోతాడు. బాగా చదివేవాళ్లెవరూ మాటామాటా ఆగి చూడరు, ముక్కలు ముక్కలుగా మింగుతారు. "ది హీట్ ప్రొడ్యూస్డ్ ఇన్ ఎ వైర్" అంతా ఒక ముక్క. ఆ ముక్కను పట్టడం నేర్పండి, అది చాలు.

మాస్టారు: ఆ ముక్క ఎక్కడ తెగుతుందో ఎలా తెలుస్తుంది? డిపెండ్స్ ముందు. మళ్లీ నా దగ్గరికే వచ్చావు.

టీచరు: మీ దగ్గరికి రావడానికి భయమెందుకంటే, మీ దగ్గర కూడా ఏకాభిప్రాయం లేదు. "షి గేవ్ అప్ సింగింగ్"లో గీత ఎక్కడ? గేవ్ కిందా, గేవ్ అప్ కిందా? సింగింగ్ వెర్బా, నౌనా? క్రీస్తుపూర్వం గ్రీకు పండితుడు డయనీసియస్ థ్రాక్స్ పేరుమీద ఉన్న వ్యాకరణంలో ఇలాంటి మాటలకు రెండు జాతుల్లోనూ వాటా ఉందని చెప్పి, వాటినే విడిగా ఒక భాషాభాగం చేశారు. మనం బళ్లో జెరండ్, పార్టిసిపుల్ అని రెండు పేర్లు చెప్పి పిల్లల్ని వేధిస్తాం. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణంలో హడిల్‌స్టన్, పులమ్ ఆ తేడానే కొట్టేసి రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టారు. "ది షాప్ ఈజ్ క్లోజ్డ్"లో క్లోజ్డ్ సంగతేమిటి? ఎవరో మూశారనా, మూసి ఉందనా? కంప్యూటర్లకు ఈ పని అప్పగించినవాళ్ల కథ ఇంకా బాగుంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు వాక్యాలకు గుర్తులు పెట్టేటప్పుడు ఒక్క వెర్బ్‌కే ఆరు రకాల గుర్తులు వాడారు, క్యాన్, మే లాంటివాటికి ఏడోది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు క్రిస్టఫర్ మ్యానింగ్ లెక్క చెప్పారు. యంత్రాలు మాటల లెక్కన నూటికి 97 సరిగా చెబుతున్నాయి, వాక్యంలో ఒక్క మాట కూడా తప్పకుండా చెప్పినవి మాత్రం నూటికి 56 దాకానే ఉన్నాయని. పైగా మిగిలిన తప్పుల్లో కొన్ని యంత్రానివి కావు, గుర్తులు పెట్టిన మనుషులవే అన్నారు. ఆచార్యులు కొట్టుకునే చోట తొమ్మిదో తరగతి పిల్లవాడికి అర మార్కు కోసేయడం న్యాయమా?

మాస్టారు: న్యాయం కాదు. సింగింగ్ కిందా, క్లోజ్డ్ కిందా మార్కులు పెట్టేవాణ్ణి నేను వెనకేసుకు రాను. బళ్లో ఎన్ని పేర్లు చెబుతున్నామో వాటిలో ముప్పాతిక తీసి అవతల పారేయొచ్చు. ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్, ఫ్యాక్టిటివ్ అన్నీ తీసెయ్యి. నేను అడుగుతున్నది ఒక్కటే గీత, కాలాన్ని మోసే మాట కింద. "షి గేవ్ అప్ సింగింగ్"లో అది గేవ్. అప్‌తో కలిపి అర్థం చెప్పుకో, గీత మాత్రం గేవ్ కిందే. "ది లెటర్ మస్ట్ హ్యావ్ బీన్ రిటన్ బై ఎ చైల్డ్"లో ప్రశ్న చేసినప్పుడు ముందుకు దూకేది మస్ట్, దాని కింద. పండితులు పోట్లాడుకునేది మిగతా మాటల మీద. ఈ ఒక్కదాని మీద పెద్దగా పోట్లాట లేదు.

టీచరు: ఈ ఒక్కదాంతో ఆగితే నేనూ పెద్దగా పోట్లాడను. కానీ మన వ్యవస్థలో ఏదీ ఒక్కదాంతో ఆగదు. ఇంగ్లిష్ ఉన్న ఇళ్ల పిల్లలు కార్టూన్లు చూస్తూ, నవలలు చదువుతూ భాష నేర్చుకుంటారు. లేని ఇళ్ల పిల్లలకు మనం రూల్స్ ఇస్తాం. వాళ్లు బడి వదిలే నాటికి ఇంగ్లిష్ అంటే రూల్స్ అనే అనుకుంటారు, నోరు తెరవడానికి జంకుతారు. తప్పు పోతుందేమోనన్న ఆ జంకు ఎంతమంది ఇంటర్వ్యూలను మింగేసిందో మీకూ తెలుసు. పేదవాడికి గ్రామర్, ఉన్నవాడికి భాష. ఈ పంపకం నాకు నచ్చదు.

మాస్టారు: పంపకం నాకూ నచ్చదు. కానీ రూల్స్ తీసేసి, దాని స్థానంలో పుస్తకాలూ పుస్తకాలు చదివించే టీచరూ ఇవ్వకపోతే పేదవాడికి గ్రామరూ లేదు, భాషా లేదు. నేను చూసిన సంస్కరణల్లో తీసేయడం ఎప్పుడూ వెంటనే జరిగింది. ఇవ్వడం మాత్రం జీవోల్లోనే ఉండిపోయింది.

టీచరు: అది మాత్రం నిజం.

మాస్టారు: పరీక్షలో "గీత గీయండి" తీయించు, నేనూ సంతకం పెడతాను. దాని బదులు, పిల్లవాడు రోజూ ఏం చేస్తాడో వాడి మాటల్లోనే ఓ పేరా రాయమని, కింద "యెస్టర్‌డే అని మొదలుపెట్టి తిరగరాయండి" అని ఇవ్వమను. మారిన ప్రతి మాట కిందా వాడే గీత గీస్తాడు.

టీచరు: సొంత దినచర్య నుంచి మొదలుపెట్టడం నా పద్ధతే కదా! అది కూడా నెల తిరక్కుండా గైడ్లోకి ఎక్కుతుంది. "మై డెయిలీ రొటీన్, విత్ యెస్టర్‌డే" అని రెండు పేరాలు పక్కపక్కన అచ్చేసి అమ్ముతారు. సరే, ఎక్కదనుకుందాం. మా పిల్లవాడు "ఐ పుట్ మై బుక్స్ ఇన్ ది బ్యాగ్" అని రాశాడు. యెస్టర్‌డే పెట్టాడు. పుట్ పుట్‌గానే ఉంది. గీత ఎక్కడ?

మాస్టారు: ఐ తీసి మై సిస్టర్ పెట్టి, ఎవ్రీ డే వాక్యాన్ని మళ్లీ రాయమంటాను. పుట్స్ అవుతుంది.

టీచరు: అప్పటికి బెల్లు కొడతారు. అరవై మంది ఉన్న తరగతిలో పుట్, పుట్స్ తేల్చేసరికి నా కథ మిగిలిపోతుంది.

మాస్టారు: కథే చదివించు. పిల్లలు తప్పు చదివిన వాక్యం దగ్గర మాత్రం ఆపి, కాలం ఏ మాటలో ఉందో అడుగు. అయితే నువ్వు ఆపుతావని నాకు నమ్మకం లేదు.

టీచరు: మీరు ఆపాక మళ్లీ కథలోకి వెళ్లనిస్తారని నాకూ లేదు.